లొట్టి మూతి దగ్గర

జగిత్యాల జిల్లా కొడిమ్యాల చుట్టుపక్కల ఊళ్లలో పొద్దుగూకే వేళ ఈత చెట్టెక్కిన గీత కార్మికుడు చేసే పని చూడటానికి చిన్నదే. మోకు బిగించుకుని, మొవ్వుకు కాస్త దిగువన మట్టలు కొట్టి చదును చేసుకున్న చోట కత్తితో పలుచని పొర గీస్తాడు. గీసిన మేర తెల్లగా, తడిగా తేలుతుంది. అక్కడ ఊరిన రసం చిన్న పుల్ల వెంట జారి లొట్టిలో బొట్టు బొట్టుగా పడుతుంది. లొట్టి కట్టి దిగిపోతే మళ్లీ ఆ చెట్టెక్కేది తెల్లారగట్లనే. ఆ రాత్రంతా తియ్యటి రసం కారుతూనే ఉంటుంది, లొట్టి మూతి తెరిచే ఉంటుంది, కాపలా ఎవరూ ఉండరు. పండ్లు తినే పెద్ద గబ్బిలాలు మేతకు బయల్దేరేది కూడా ఆ వేళలోనే. గబ్బిలాల నుంచి మనుషులకు వైరస్ జబ్బులు ఎలా వస్తున్నాయో పాతికేళ్లుగా వెతుకుతున్నవాళ్లు ఏ దేశంలో వెతికినా, అడవిలో మొదలుపెట్టి చివరికి మనుషులు తమ బతుకుతెరువు కోసం ఏర్పాటు చేసుకున్న ఏదో ఒక చోటుకే చేరారు. పాత కరీంనగర్ జిల్లాలో అలాంటి చోటు ఏదైనా ఉంటే అది లొట్టి మూతి. మన సర్కారు తరతరాలుగా చెట్టును లెక్కపెట్టింది, కల్లును లెక్కపెట్టింది, ఆ మూతి వైపు మాత్రం చూడలేదు. ఇప్పటికైనా చూడాలన్నది నా వాదన.

అలా గబ్బిలాల నుంచి వచ్చిన వైరస్‌లలో నిపా ఒకటి, దానికి ఆ పేరు మలేషియాలోని ఒక ఊరి నుంచి వచ్చింది. 1998 సెప్టెంబరులో పెరాక్ రాష్ట్రంలో, ఇపో పట్టణం పక్కన పందులు పెంచేవాళ్లలో జ్వరం, మెదడువాపు మొదలయ్యాయి. పెరాక్ తెలుగువాళ్లకు తెలియని చోటేమీ కాదు, బగాన్ దాతో వైపు తోటల్లో మనవాళ్లు తరాలుగా ఉన్నారు. అది జపనీస్ మెదడువాపు అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు, జబ్బు ఆగలేదు. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో చువా కా బింగ్ కొత్త వైరస్‌ను పట్టుకునేసరికి అది దక్షిణాన సుంగై నిపా గ్రామం దాకా పాకింది. మొత్తం 265 మంది జబ్బుపడితే 105 మంది చనిపోయారు. పది లక్షలకు పైగా పందుల్ని చంపారు. తర్వాత ఆరా తీస్తే తేలిందేమిటంటే, పందుల దొడ్ల వెంబడే మామిడి చెట్లు నాటారు. గబ్బిలాలు కొరికి వదిలిన పండ్లు దొడ్లో పడ్డాయి, పందులు తిన్నాయి, పందుల నుంచి వాటిని సాకేవాళ్లకు అంటుకుంది. గబ్బిలాలు అక్కడ కొత్తగా వచ్చినవి కావు. వేల పందుల్ని ఒకే చోట కట్టేసి పెంచే వ్యాపారం కొత్తది, దానికి తోడు రాబడి కోసం పెట్టిన మామిడి తోట కొత్తది. మామిడికి పేరుపడ్డ జగిత్యాలలో ఈ మాట చదివినవాళ్లు తోట వైపు అనుమానంగా చూడనక్కర్లేదు. మామిడి, గబ్బిలం రెండూ ఉన్నంత మాత్రాన ఏమీ జరగలేదు, వాటి కింద దొడ్డి వచ్చాకే జరిగింది.

మలేషియా కథ మనకు దూరమనిపిస్తే బంగ్లాదేశ్ కథ అలా అనిపించదు. మన ఈత చెట్టునే వాళ్లు ఖేజూర్ అంటారు, రెండూ ఒకే జాతి. మన చింతల మీదా మర్రుల మీదా పగలంతా తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలమూ, అక్కడిదీ ఒకే జాతి. అక్కడ కూడా మొవ్వు దగ్గర గీసి, రాత్రంతా కుండ కట్టి, తెల్లవారుజామున దించుతారు. తేడా ఒక్కటే. వాళ్లు ఎక్కువగా చలికాలంలో గీసి పచ్చి రసమే తాగుతారు, మిగిలింది కాచి బెల్లం చేస్తారు. 2001లో మెహర్‌పూర్‌లో అక్కడ తొలిసారి నిపా బయటపడింది. దారి ఏదో నాలుగేళ్లు తెలియలేదు. 2005 జనవరిలో టాంగైల్ జిల్లాలో 12 మంది జబ్బుపడ్డప్పుడు, వాళ్లు ఏం తిన్నారో ఏం తాగారో, జబ్బు రాని ఇరుగుపొరుగు ఏం తాగారో పక్కపక్కన పెట్టి చూశారు. జబ్బుపడ్డవాళ్లలో పచ్చి రసం తాగినవాళ్లే ఎక్కువని అప్పుడు తేలింది. ఆ తర్వాత చీకట్లో చూడగలిగే కెమెరాలు చెట్లకు కట్టారు. గబ్బిలం వచ్చి గీసిన చోటును నాలుకతో నాకడం, అక్కడే మూత్రం పోయడం, అది కుండలోకి కారడం ఆ చిత్రాల్లో కనబడింది. 2001 నుంచి 2014 దాకా అక్కడ నమోదైన కేసులు 248. వాటిలో 82 మందికి మరో రోగి నుంచి అంటుకుంది. అంటే ప్రతి మూడు కేసుల్లో సుమారు రెండింటికి మూలం మనిషి కాదు. కుండలోకి ఒకసారి దిగిన వైరస్ ఒక ఇంటి నుంచి ఒక ఆసుపత్రి దాకా ఎలా నడుస్తుందో ఈ లెక్కలో ఉంది.

సరిహద్దుకు ఇటు వైపు వస్తే 2007లో పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాలో ఐదుగురికి నిపా సోకింది, ఐదుగురూ చనిపోయారు. మొదటి రోగి ఒక రైతు. తాటి, ఈత జాతి చెట్ల రసంతో తయారయ్యే నాటు మత్తు పానీయం అతనికి అలవాటనీ, అతని ఇంటి చుట్టూ చెట్లకు గబ్బిలాలు గుంపులుగా వేలాడుతుండేవనీ పరిశోధకులు రాసిపెట్టారు. ఆ కొద్దిపాటి వర్ణనలో చెట్లకూ పానీయానికీ మన పేర్లు పెట్టుకుంటే అది కొడిమ్యాల పక్క పల్లె అనిపిస్తుంది. ఒక్క రోగి అలవాటును బట్టి కారణం ఇదేనని తేల్చలేం, అది నాకు తెలుసు. కానీ టాంగైల్ సాక్ష్యం పక్కన పెట్టి చూసినప్పుడు దీన్ని కాకతాళీయమని కొట్టేయడం కష్టం.

మన వైపు ఈ వృత్తి చరిత్ర వేరే దారిలో రాయబడింది. 18వ శతాబ్దం తొలినాళ్లలో మొగలు అధికారాన్ని ఎదిరించి వరంగల్‌ను కొల్లగొట్టిన సర్వాయి పాపన్న కల్లుగీత కులంలో పుట్టినవాడు. గీత కార్మికుడు చరిత్రలో పేరుతో కనబడటం అరుదు, పాపన్న ఆ అరుదైనవాడు. నిజాం కాలానికి వస్తే పేర్లు పోయి అంకెలు వచ్చాయి. అబ్కారీ రాబడి హైదరాబాద్ సంస్థానానికి పెద్ద ఆదరువు. గీసే హక్కును వేలం పాడే గుత్తేదారులు, చెట్టు చెట్టుకూ పన్ను, ఏ చెట్టు ఎవరు గీస్తున్నారో రాసుకునే దఫ్తర్లు పుట్టుకొచ్చాయి. తన చెల్కలో మొలిచిన తాడైనా సరే, గీయాలంటే సర్కారు అనుమతి కావాలి. గుత్తేదారు చేతిలో నలిగిన గౌడులు సొసైటీలు కట్టుకోవడానికి చాలా కాలం పట్టింది. తెలంగాణ వచ్చాక చెట్టు పన్ను రద్దయింది. ఇంత పొడుగు చరిత్రలో అధికారి చెట్టు దగ్గరికి వచ్చిన కారణాలు రెండే, ఒకటి పన్ను, రెండోది కల్తీ. వృత్తిలో మనిషి ప్రాణం గురించిన ఆలోచన ఈ మధ్యన మొదలైంది. చెట్టు మీది నుంచి పడి చనిపోయినవాళ్లు, నడుము విరిగి మంచాన పడ్డవాళ్లు లేని గౌడ వాడ ఉండదు. 2024లో సర్కారు గౌడుల దైవం కాటమయ్య పేరు మీద రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అది ఎప్పుడో రావలసిన న్యాయం. ఆ కిట్టు చెట్టెక్కేవాడి నడుమును కాపాడుతుంది. లొట్టిలోకి ఏం దిగుతున్నదో ఇంకా ఎవరి పనీ కాలేదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. తాతల నాటి నుంచి కల్లు తాగుతున్నాం, ఈ గడ్డ మీద నిపాతో ఎవరు చనిపోయారు? పైగా 2023లో ఐసీఎంఆర్, పుణె వైరాలజీ సంస్థ వెల్లడించిన సర్వేలో తొమ్మిది రాష్ట్రాల గబ్బిలాల్లోనూ పుదుచ్చేరిలోనూ నిపా జాడలు దొరికాయి, ఆ జాబితాలో తెలంగాణ లేదు. ఈ మాటకు విలువ ఇవ్వాలి. అయితే మన పొరుగున ఉన్న మహారాష్ట్ర, కర్ణాటక ఆ జాబితాలో ఉన్నాయి. మేత కోసం ఒక్క రాత్రిలో కోసుల దూరం ఎగిరే జీవికి రాష్ట్రాల హద్దులు ఉండవు. అంతకన్నా ముఖ్యం, కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. బంగ్లాదేశ్‌లోనూ తాతల నాటి నుంచి రసం తాగుతున్నారు, 2001కి ముందు ఆ జబ్బుకు అక్కడ పేరు లేదు. సిలిగురిలో 2001లో 66 మంది జబ్బుపడి 45 మంది చనిపోయినప్పుడు అదేం జ్వరమో ఎవరూ చెప్పలేకపోయారు. అది నిపా అని లోకానికి తెలిసింది కొన్నేళ్ల తర్వాత, దాచిన నమూనాలను మళ్లీ పరీక్షించాక.

ఈ పాఠం నేర్చుకోవడానికి సిలిగురి దాకా వెళ్లే పని కూడా లేదు. 2003 వానాకాలంలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, కరీంనగర్, వరంగల్ జిల్లాలు ముందు వరసలో ఉండగా, పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఫిట్స్ వచ్చాయి. కొందరు ఒకటి రెండు రోజుల్లోనే స్పృహ తప్పి చనిపోయారు. 329 మంది పిల్లలకు జబ్బు వస్తే 183 మంది దక్కలేదు. సగానికి మించి పోయారు. ముందు అందరి నోటా వచ్చిన మాట మలేషియాలో వచ్చిన మాటే, జపనీస్ మెదడువాపు. నమూనాలు పుణె వెళ్లాక చాందీపురా వైరస్ అని తేలింది. ఇది మెదడువాపే కాదు, మెదడు రక్తనాళాలకు తగిలిన దెబ్బ అని వైద్యుల్లో కొందరు గట్టిగా వాదించారు కూడా. ఆ వైరస్‌ను నాగపూర్ పక్కనున్న చాందీపురా గ్రామంలో 1965లోనే కనుక్కున్నారు. 38 ఏళ్లపాటు దాన్ని పెద్దగా హాని చేయని వైరస్‌గానే చూశారు. దాన్ని మోసేది గబ్బిలం కాదు, మట్టి గోడల పగుళ్లలో, పశువుల కొట్టాల చెమ్మలో ఉండే ఇసుక ఈగ, గింజంత కూడా లేని పురుగు. అయినా ఈ కథకు దాన్ని మించిన సాక్ష్యం లేదు. మన పల్లెల్లోనే ఉన్న ఒక వైరస్, మన గోడల్లోనే ఉన్న ఒక పురుగు, 183 మంది పిల్లలు పోయేదాకా మన వైద్యశాలల రికార్డుల్లో లేవు. ఆ ఏడాది వానలకు ముందు ఎవరైనా ‘కరీంనగర్‌లో చాందీపురాతో ఎవరు చనిపోయారు’ అని అడిగి ఉంటే, ఎవరూ లేరన్న జవాబే వచ్చేది.

రెండో అభ్యంతరం గీత కార్మికులే చెబుతారు, అందులో వృత్తి జ్ఞానం ఉంది. కల్లు పులుస్తుంది, పులిసినదానిలో సూక్ష్మజీవులు బతకవు అంటారు. పులుపు, సారాయి శాతం పెరిగేకొద్దీ వైరస్‌కు కష్టమే. కానీ కల్లులో సారాయి శాతం తక్కువ, చేతులకు రాసుకునే శానిటైజర్‌తో దానికి పోలిక లేదు. బంగ్లాదేశ్‌లోనే పులిసిన ఖేజూర్ రసాన్ని తాడీ అని తాగే మగవాళ్లున్నారు. 2011, 2014 మధ్య నిపా వచ్చిన కొందరికి దారి ఆ తాడీయేనని పరిశోధకులు చూపించారు. కాబట్టి పులియడం మీద పూర్తి భరోసా పెట్టలేం. ఇంకో మాట కూడా నిజమే, తాటికీ ఈతకూ తేడా ఉంది. తాటి చెట్టు మీద గెలను కట్టి, కొన చెక్కి, ఆ కొనను లొట్టి మూతిలోకే దించుతారు. రసం ఊరే చోటు చాలామటుకు లొట్టి లోపలే ఉంటుంది. ఈత చెట్టుకు అలా కాదు, గీసిన ముఖమంతా గాలికి తెరిచి ఉంటుంది, రసం బయట కొంత దూరం నడిచి లొట్టిలో పడుతుంది. నాలుక చాపిన జంతువుకు ఈత చెట్టు ఇచ్చినంత చోటు తాడు ఇవ్వదు. అందుకని జాగ్రత్త ఎక్కడ ముందు మొదలుపెట్టాలో కూడా వృత్తే చెబుతున్నది, ఈత వనాల్లో.

పులియడం గురించిన వాదన ఇంకో వైపు నుంచి కూడా బలహీనపడుతున్నది. నీరాను ఆరోగ్య పానీయంగా సర్కారే ముందుకు తెచ్చింది, 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచింది. గీత కార్మికుడికి గౌరవంతో కూడిన రాబడి రావడానికి అది మంచి దారి అని నేను నమ్ముతాను. కానీ నీరా అంటేనే పులియనివ్వని రసం. పులిసిన కల్లుకు ఉన్న కాస్తంత రక్షణ కూడా దానికి ఉండదు. బంగ్లాదేశ్‌లో ప్రమాదం తెచ్చిన పచ్చి రసానికి మన దగ్గరి చుట్టం అదే. దీనికి జవాబు నీరాను మానుకోవడం కాదు. కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరి నీరా కోసం మంచుతో చల్లబరిచే మూసిన పెట్టెను తయారుచేసింది. గెల కొన ఆ పెట్టెలోనే ఉంటుంది, ఈగ కూడా దూరదు. పులియకుండా ఉంచడానికి చేసిన ఏర్పాటు గబ్బిలాన్నీ దూరం పెడుతుంది. ఈతకు సరిపోయే అలాంటి మూతను నీరా నాణ్యతలో భాగంగా మొదటి రోజు నుంచే పెట్టుకుంటే, తర్వాత భయం పుట్టినప్పుడు వృత్తి కూలిపోదు.

కరీంనగర్, నిజామాబాద్ వైపు ప్రత్యేకంగా ఉన్న ఒక చిక్కు నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతుంది. ఇక్కడి కల్లు దుకాణాల్లో డైజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు దశాబ్దాల నాటి దుర్మార్గం. దానికి అలవాటుపడ్డ మనిషికి ఒక్కసారి దొరక్కపోతే చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, పిచ్చిగా ప్రవర్తిస్తాడు, ఫిట్స్ వస్తాయి. ఇప్పుడు నిపా మెదడువాపు మొదట్లో ఎలా ఉంటుందో చూడండి: జ్వరం, తలనొప్పి, తికమక, ఫిట్స్. కల్లు తాగే కూలి మనిషి ఈ స్థితిలో ఆసుపత్రికి వస్తే డాక్టరు మనసు మొదట ఎటు పోతుంది? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత వైద్యశాలలో ప్రాణాంతకమవుతుంది. జ్వరం ఉందా లేదా అన్న ఒక్క గుర్తును జాగ్రత్తగా చూడకపోతే, ఆ మనిషిని కల్తీ కల్లు రోగుల వరసలో పడుకోబెడతారు, పక్క మంచాలకూ నర్సులకూ ముప్పు మొదలవుతుంది. 2018 మే నెలలో కేరళలోని కోజికోడ్‌లో నిపా వచ్చినప్పుడు జరిగింది గుర్తుచేసుకుంటే ఇది ఊహ కాదని తెలుస్తుంది. పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి, కోజికోడ్ మెడికల్ కాలేజీ వరండాల్లోనే ఎక్కువమందికి జబ్బు అంటింది. రోగికి సేవ చేసిన నర్సు లినీ పుదుస్సేరి చనిపోయింది. జబ్బు పేరు అంత త్వరగా తెలియడానికి కారణం, ఒకే కుటుంబంలో వరసగా జబ్బుపడుతుంటే అక్కడి డాక్టర్లు మామూలు మెదడువాపు అనుకుని ఊరుకోకపోవడమే.

అదే కోజికోడ్ ఇంకో సంగతి కూడా చెబుతుంది. మొదటి రోగి ఇంటి బావిలో దొరికిన గబ్బిలాలను పట్టి పరీక్షిస్తే వాటిలో వైరస్ లేదు, అవి పురుగులు తినే చిన్న గబ్బిలాలు. నిపా వార్త వినగానే జనానికి కలిగే మొదటి ఆలోచన మాత్రం ఏ గబ్బిలమైనా ఒకటేనని, తరిమేయమని, చెట్టు కొట్టేయమని. గబ్బిలం ఇంట్లో దూరితే కీడని శాంతి చేయించే సమాజం మనది. 1941లో గుర్రం జాషువ తన కావ్యంలో దాన్ని అంటరానివాడి సందేశం మోసే దూతగా నిలబెట్టడానికి కారణం కూడా దానికి ఉన్న ఆ వెలి స్థితే. 1972 నాటి వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాలను కాకులు, ఎలుకలతో పాటు చీడ జంతువుల పట్టికలో పెట్టింది. 2022 సవరణతో ఆ పట్టిక పోయింది. చంపితే పీడ పోతుందన్నవాళ్లకు ఉగాండా జవాబిచ్చింది. 2007లో కిటాకా గనిలో కార్మికులకు మార్బర్గ్ వైరస్ సోకాక ఆ గనిలోని గబ్బిలాలను తుడిచిపెట్టారు. ఖాళీ అయిన గనిలోకి కొన్నాళ్లకు కొత్త గబ్బిలాలు వచ్చి చేరాయి. 2012లో ఆ ప్రాంతంలో జబ్బు మళ్లీ వచ్చినప్పుడు పరీక్షిస్తే, వైరస్ ఉన్న గబ్బిలాల శాతం మునుపటికన్నా రెట్టింపుకు పైగా ఉంది. మన కొండగట్టు గుట్టల అడవిలో ఇప్ప పువ్వు కాయగా మారడంలో గబ్బిలానికి పాత్ర ఉందన్నది వేరే లెక్క. ఆ లెక్క వేయకపోయినా, తరమడం పనికిరాని వైద్యమని కిటాకా ఒక్కటే చెబుతుంది.

గబ్బిలాలతో ముడిపడ్డ వైరస్ ఈ ప్రాంతానికి రావడానికి మరో దారి గల్ఫ్ నుంచి ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వెళ్లినవాళ్లలో ఎడారిలో ఒంటెలు కాసేవాళ్లూ ఉన్నారు. 2012లో సౌదీలో బయటపడ్డ మెర్స్ వైరస్ ఒంటెల నుంచి మనుషులకు వస్తుంది, దాని పూర్వరూపాలు గబ్బిలాల్లో ఉన్నాయని శాస్త్రవేత్తల అంచనా. 2,600కు పైగా కేసుల్లో మూడో వంతుకు మించి చనిపోయారు. 2015లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక్క ప్రయాణికుడితో మొదలైన దక్షిణ కొరియా వ్యాప్తిలో 186 మంది జబ్బుపడ్డారు. గల్ఫ్‌లో కూడా ఒంటె నుంచి మనిషికి దారి ఒక కొలువే.

గీత వృత్తి ఇప్పటికే చితికిపోయింది, దాని మీద ఇంకో నింద వేయకండి అనేవాళ్ల మాటే నాకు అన్నిటికన్నా బరువైనది. తాటి వనాలు ప్లాట్లవుతున్నాయి, పిల్లలు చెట్టెక్కడం లేదు, ఇప్పుడు గబ్బిలం కథ కూడా చెబితే కల్లు కొనేవాడెవడు? కానీ నిజంగా వృత్తిని ముంచేది ఒక్క కేసు బయటపడిన మర్నాడు రాత్రికి రాత్రి వచ్చే నిషేధం. ముందుగా చేసుకోవలసిన పని పెద్దదేమీ కాదు. బంగ్లాదేశ్‌లో కొందరు గీసేవాళ్లు ఎప్పటినుంచో గీసిన చోటునూ కుండ మూతినీ కలిపి వెదురు తడికతో కప్పేవాళ్లు, దాన్ని బానా అంటారు. పరిశోధకులు కెమెరాలు పెట్టి చూస్తే బానా కట్టిన చెట్ల రసాన్ని గబ్బిలాలు ముట్టలేకపోయాయి. తడికలు అల్లే మేదరివాళ్లు మన దగ్గరా ఉన్నారు. చెట్టు మీద కట్టడానికి అదనంగా పట్టే సమయానికి, వెదురు ఖర్చుకు డబ్బు గీత కార్మికుడి జేబు నుంచి కాకుండా కాటమయ్య కిట్టుతో పాటే రావాలి. కొడిమ్యాల ఈత వనంలో ఒక్క కాలం కొన్ని చెట్లకు తడిక కట్టి, కొన్నిటిని మామూలుగా వదిలి, రాత్రి కెమెరాలు పెడితే మన గబ్బిలాలు మన లొట్ల దగ్గరికి ఎంతగా వస్తున్నాయో ఒక లెక్క చేతికొస్తుంది. ఇక ఏ చెట్టు కల్లు ఏ సొసైటీకి, ఏ దుకాణానికి పోతుందో అబ్కారీ రిజిస్టర్లలో ఇప్పటికే ఉంది. జ్వరంతో, తికమకతో వచ్చిన రోగిని గత మూడు వారాల్లో ఎక్కడి కల్లు తాగావని, తాడా ఈతనా అని అడిగి కేసు షీటు మీద రాసుకుంటే చాలు, ఆ కల్లు దిగిన చెట్టు దాకా వెళ్లవచ్చు.